హంద్రీకి రోహిణి కార్తె గడువు



నదుల్లో ప్లాస్టిక్ అనగానే టీవీలో చూసిన దృశ్యం గుర్తుకొస్తుంది. జకార్తాలోనో, ముంబై మీఠీ నదిలోనో నీళ్లు కనపడనంతగా సీసాలూ కవర్లూ తేలుతుంటాయి. మనుషులు పడవల్లో నిలబడి వలలతో తోడుతుంటారు. అది చూసి కర్నూలు వాళ్లం, కడప వాళ్లం మనకు ఆ బాధ లేదులే అనుకుంటాం. మన కర్నూలు హంద్రీలో తేలడానికి నీళ్లేవీ? కడప బుగ్గవంకలో ఏడాదిలో ఎక్కువ రోజులు పారేది ఊరి మురుగే.

నీళ్లు లేనందువల్ల మన ఏళ్లకు ప్లాస్టిక్ బాధ తప్పలేదు, ముదిరింది. ఈ సంగతి చెప్పాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను. ఏడాది పొడుగునా పారే నది తనలో పడ్డ కవరును రోజుకింత ముందుకు తోస్తుంది. ఆ కవరు మనకు కనపడుతుంది, కోపం తెప్పిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఎండిన ఏరు తోయదు. పడినదాన్ని పడినచోటే ఉంచుకుంటుంది. ఎనిమిది నెలలు, తొమ్మిది నెలలు కూడబెట్టి, వరద వచ్చిన ఒక్క పూటలో అంతా వదిలేస్తుంది. ఆ పూట ఎవరూ నదిలో దిగలేరు, దిగకూడదు కూడా. అందువల్ల సీమలో నదిని శుభ్రం చేయాల్సిన కాలం వానాకాలం కాదు, ఎండాకాలం. మనం మాత్రం వరద వచ్చి పోయాకే చెత్త గురించి మాట్లాడుకుంటున్నాం.

హంద్రీ మద్దికెర ప్రాంతంలో పుట్టి, గాజులదిన్నె దగ్గర సంజీవయ్య సాగర్‌లో ఆగి, అక్కడినుంచి కర్నూలు చేరి తుంగభద్రలో కలుస్తుంది. ఆ రెండు నదుల మూలలో వెలసిన ఊరు కర్నూలు. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, ఊరి మధ్యనుంచి కేసీ కెనాల్. సీమలో ఇన్ని నీటిదారులు కలిసిన ఊరు అరుదు. వేసవిలో పాతబస్తీకీ కల్లూరుకూ నడుమ హంద్రీ వంతెన మీద నిలబడి కిందికి చూడండి. ఇసుక ఎక్కడో గాని కనపడదు. నడుమ నల్లగా సన్నటి మురుగు పాయ, దానికి రెండు పక్కలా గుర్రపుడెక్క, తుంగ, ఆపైన కంపచెట్లు. ఆ కంపచెట్ల మొదళ్ల చుట్టూ చెత్త. వంతెన పిట్టగోడకు సరిగ్గా కింద కుప్ప ఇంకా ఎత్తుగా ఉంటుంది. చాలామంది బండి దిగకుండానే విసిరేసి పోతారు కాబట్టి. ముడి వేసిన నల్ల కవర్లలో కోళ్ల అంగడి వ్యర్థాలు. పసుపు కుంకుమలంటిన కవర్లలో పూజ చేసిన పూలు, పగిలిన పటాలు. ఇవి చెత్తబుట్టలో వేస్తే పాపమని, పారే నీళ్లలో వదలాలని భక్తితో తెచ్చినవి. ఆ భక్తిని నేను తప్పు పట్టను. కానీ అక్కడ పారే నీళ్లు లేవు, పూలు కవరు విప్పి వేయడమూ లేదు. పువ్వు వారంలో మట్టిలో కలిసిపోతుంది. దాన్ని తెచ్చిన కవరు మన మనవళ్ల కాలం దాకా ఉంటుంది.

ఆ కుప్పలోంచి ఒక క్యారీబ్యాగును చేతిలోకి తీసుకుని చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. నిన్నో మొన్నో పడినదైతే మెత్తగా, సాగుతూ ఉంటుంది. రెండు ఎండాకాలాలు చూసినదాన్ని వేళ్ల మధ్య నలపండి. అప్పడంలా పెళపెళా విరిగి ముక్కలవుతుంది, వేళ్లకు రంగు పొడి అంటుకుంటుంది. కర్నూలులో, కడపలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిసి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంచుతాయి. చల్లటి నీళ్లలో మునిగి ఉన్నదానికంటే కాలే ఇసుక మీద పడి ఉన్నది త్వరగా పెళుసెక్కుతుంది. అది చూసి ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోతోందని పొరబడే వాళ్లున్నారు. కలవదు, చిన్నదవుతుందంతే. కవరుగా ఉన్నప్పుడు ఒక చేత్తో తీసేయగలిగినదాన్ని పొడి అయ్యాక ఎవరూ తీయలేరు. ఇలా పెళుసెక్కిన కవరును మే నెలలో ఏరకపోతే జూలైలో ఇసుకలో కలిసిన నలుసులవుతుంది.

ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల మీద జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. 2015-16 శీతకాలం వరదలకు ముందూ తరువాతా నదీగర్భంలోని మట్టిని పరీక్షించారు. అడుగున పేరుకున్న సూక్ష్మ ప్లాస్టిక్‌లో సుమారు 70 శాతాన్ని ఆ వరదలు ఊడ్చుకుపోయాయని తేలింది. ఎప్పుడూ నీళ్లుండే నదుల సంగతే అలా ఉంటే, నెలల తరబడి ఎండలో పొడి చేసుకుని కూర్చున్న మన ఏళ్ల సంగతి ఊహించుకోండి.

తేలడం, మునగడం గురించీ ఒక మాట. పాలిథిన్ కవరు, సీసా మూత నీటికంటే తేలిక, అవి తేలుతాయి. నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్ నీటికంటే బరువు. మూత బిగించి పారేసిన సీసా లోపలి గాలి వల్ల తేలుతూ పోతుంది. మూత లేనిది నీళ్లు నిండి మునిగి ఇసుకలో కూరుకుపోతుంది. పైన తేలుతూ కనిపించేదాన్ని బట్టి నదిలో ఎంత ఉందో లెక్క కట్టలేం.

ఇక ఏరేవాళ్ల సంగతి. తెల్లవారుజామున భుజాన గోనెసంచి వేసుకుని హంద్రీ ఒడ్డునా, బుగ్గవంక వెంబడీ తిరిగే ఆడవాళ్లను మీరంతా చూసే ఉంటారు. ఈ రెండు ఊళ్లలో నదికి అందరికంటే ఎక్కువ మేలు చేస్తున్నది వాళ్లేనని నా నమ్మకం. వాళ్లు సీసాలు ఏరుతారు, విరిగిన బకెట్లు, కుర్చీ ముక్కలు, పైపు ముక్కలు ఏరుతారు. పాత సామాన్ల అంగట్లో వాటికి ధర ఉంది. పల్చటి కవరుకు, షాంపూ సాచెట్‌కు, చిప్స్ ప్యాకెట్‌కు, నీళ్ల ప్యాకెట్‌కు ధర లేదు. ఒక కిలో సీసాలు కావాలంటే నలభై యాభై ఏరితే చాలు. ఒక కిలో సాచెట్లు కావాలంటే పూటంతా వంగి ఏరాలి, ఏరినా కొనేవాడు లేడు. చిప్స్ ప్యాకెట్లలో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర ఒకదానికొకటి అంటించి ఉంటాయి, వాటిని విడదీసి మళ్లీ వాడటం గిట్టుబాటు కాదు. అందువల్ల నదిలో మిగిలేది ధరలేని ప్లాస్టిక్. ఈ సంగతి పట్టుకుంటే చేయాల్సిన పనిలో చాలా భాగం తెలిసిపోతుంది. ఆ కవర్లకూ, సాచెట్లకూ కిలోకింత అని ఎవరో ఒకరు కొనాలి. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు, ఆ సరుకును మార్కెట్లోకి వదిలిన కంపెనీలే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత మోయాలంటున్నాయి. గుట్కా, పాన్ మసాలాలను ప్లాస్టిక్ సాచెట్లలో అమ్మకూడదని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. అది ఏ మేరకు అమలవుతోందో మన వీధి చివరి బంకు దగ్గర నేల చూస్తే చాలు.

వరదల మాటకొద్దాం. 2009 అక్టోబరు 2. కర్నూలు వాళ్లకు ఆ తారీఖు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. శ్రీశైలం జలాశయంలోకి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. పాతబస్తీ మునిగింది, జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ వరదకు ప్లాస్టిక్ కారణమంటే అబద్ధమవుతుంది. అంత నీటిని ఏ కవరూ ఆపలేదు, ఏ కాలువా మోయలేదు.

ప్లాస్టిక్ కొంప ముంచేది చిన్న వరదల్లో. గంటసేపు గట్టి వాన కురిసి, నది ఇంకా నిండకముందే వీధులు నిండిపోతాయే, అప్పుడు. కడపనే తీసుకోండి. బుగ్గవంక పాలకొండల్లో పుట్టి కడప ఊరి మధ్యగా పారి పెన్నలో కలుస్తుంది. 2001లో అది ఊరి మీద పడిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆ తరువాత వంకకు రెండు పక్కలా రక్షణ గోడలు కట్టారు. 2020 నవంబరు చివర్లో నివర్ తుపాను వచ్చినప్పుడు వంక మళ్లీ పొంగి పక్క కాలనీల్లోకి నీళ్లు చేరాయి. గోడ చేసే పని వంకను ఊళ్లోకి రానివ్వకపోవడం. మరి ఊళ్లో కురిసిన వాన వంకలోకి ఎలా పోవాలి? వీధి కాలువలు వచ్చి, గోడ కింది తూముల గుండా వంకలో కలవాలి. ఆ తూము నోటికి ఒక పాత గోనెపట్టా, నాలుగు క్యారీబ్యాగులు, కాసింత గుర్రపుడెక్క అడ్డుపడితే చాలు. కవరు మామూలు చెత్త కాదు. ఆకులూ అలములూ నీటి ఒత్తిడికి విరిగి జారిపోతాయి. కవరు తూము జాలీకి అతుక్కుని, నీళ్లు తోసేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది, దాని వెనుక మట్టి చేరుతుంది. వరద నుంచి కాపాడాలని కట్టిన గోడే అప్పుడు ఊరి నీటిని ఊళ్లోనే నిలబెడుతుంది.

ఇది మన దగ్గరే కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1988, 1998 వరదల్లో ఢాకా నగరంలో మురుగుకాలువలు పాలిథిన్ సంచులతో పూడుకుపోయి నీళ్లు దిగలేదని గ్రహించిన బంగ్లాదేశ్ 2002లో పల్చటి సంచులను నిషేధించింది. దేశం మొత్తానికి అలా నిషేధం పెట్టిన మొదటి దేశం అదే. 2005 జూలై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు కూడా చాలామంది వేలు చూపింది కాలువలకు అడ్డుపడ్డ సంచుల వైపు.

మరి ఆ ఒక్క పూట వరదలో కొట్టుకుపోయిన మన చెత్త ఎక్కడికి పోతుంది? సముద్రానికి, అని చెప్పి ఊరుకుంటే అది ఎక్కడో దూరపు బాధగా ఉండిపోతుంది. కర్నూలు చెత్త సముద్రానికి పోకముందే ఆగుతుంది. హంద్రీ తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది, అక్కడినుంచి శ్రీశైలం జలాశయమే. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరుడి గుడి బయటపడినప్పుడు, చుట్టూ తేలిన నేల మీద సీసాలు, కవర్లు కూడా బయటపడతాయి. ఆ జలాశయంలోంచి పోతిరెడ్డిపాడు గేట్ల గుండా వచ్చిన నీళ్లే వెలుగోడుకు, కడప జిల్లా పొలాలకు, సోమశిలకు, కండలేరుకు, తెలుగు గంగగా పూండి దాటి చెన్నై నగరానికి పోతాయి. హంద్రీలో మనం విసిరిన కవరు నుంచి రాలిన నలుసు ఎంత దూరం పోగలదో ఈ దారి చెబుతుంది. అటు కడపలో బుగ్గవంక నీళ్లు పెన్నతో కలిసి చేరేది కూడా సోమశిలకే. ఆ దారిలో తాగేవాళ్లు, తడి కట్టేవాళ్లు ఎంతమందో.

కేసీ కెనాల్ గురించి విడిగా చెప్పాలి. కర్నూలునూ కడపనూ కలిపే కాలువ అది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి ఈ కాలువ తవ్వించింది. పంటలకే కాదు, పడవలు నడపడానికి కూడా. పొడవు దాదాపు 306 కిలోమీటర్లు. కంపెనీ నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కరువు సీమలో నూటయాభై ఏళ్లకు పైగా అన్నం పెడుతున్న కాలువ అది. కర్నూలు నగరంలో వినాయక నిమజ్జనం జరిగేదీ ఈ కాలువ ఒడ్డునే, వినాయక ఘాట్ దగ్గర. ఊరంతా కదిలివచ్చే పండగ అది. విగ్రహం వెంట వచ్చే థర్మాకోల్ అలంకారాలు, ప్లాస్టిక్ దండలు, జెండాలు మాత్రం ఒడ్డునే విప్పి పక్కన పెట్టాలి. అలంకారానికి వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ జెండాలు రెండూ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువులే.

కాలువకు నీళ్లు కట్టేసిన నెలల్లో దాని అడుగు కూడా హంద్రీ అడుగులాగే చెత్తకుప్పవుతుంది, ముఖ్యంగా ఊళ్ల మధ్యగా పోయేచోట. నీళ్లు వదిలిన రోజు కాలువ గట్టున నిలబడి చూడాలి. రైతులు ఎదురుచూసే రోజు అది. ముందుగా నీళ్లు రావు. గోధుమరంగు నురగ, ఎండిన పుల్లలు, కొబ్బరి డొక్కలు, వాటిని తోసుకుంటూ సీసాలు, కవర్లు, చెప్పులు ఒక వరుసగా వస్తాయి. దాని వెనుకే నీళ్లు. అంత చెత్తా వచ్చి మొదటి షట్టర్ దగ్గర అడ్డం పడుతుంది. కాలువ కాచే లష్కరు పొడుగాటి కొక్కేం కట్టె పట్టుకుని దాన్ని లాగి గట్టున వేస్తూ ఉంటాడు. లాగనిది పిల్లకాలువల్లోకి, అక్కడినుంచి పొలంలోకి పోతుంది. వరి నాటడానికి దిగిన కూలీ కాలికి తగిలే సీసా ఏ ఊరిదో ఎవరికీ తెలియదు. కాలువ చివరి రైతుకు నీళ్లు ఆలస్యంగా అందుతాయి, చెత్త మాత్రం నీళ్లకంటే ముందు అందుతుంది.

ప్రపంచం మొత్తం మీద చూస్తే పెద్ద నదులే ప్లాస్టిక్‌ను సముద్రానికి మోస్తున్నాయని చాలాకాలం అనుకున్నారు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఆ లెక్క మార్చింది. సముద్రాలకు చేరే నదీ ప్లాస్టిక్‌లో 80 శాతాన్ని మోస్తున్నవి వెయ్యికి పైగా నదులని, వాటిలో ఊళ్ల మధ్యగా పారే చిన్న ఏళ్ల వాటా ఎక్కువని అది తేల్చింది. గంగ, బ్రహ్మపుత్రల గురించి పత్రికలు రాస్తాయి. బుగ్గవంక గురించి మనం తప్ప ఎవరూ మాట్లాడరు. నంద్యాల దగ్గర కుందూ, మంత్రాలయం నుంచి బావాపురం దాకా తుంగభద్ర, రెండూ 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన 351 కలుషిత నదీ భాగాల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా కట్టింది మురుగును కొలిచి. ప్లాస్టిక్‌ను కొలవలేదు. కానీ మురుగు వచ్చిన దారినే ప్లాస్టిక్ కూడా వస్తుంది.

ఇంత ప్లాస్టిక్ మనకెక్కడిది? బీద జిల్లాలే, వాన తక్కువే, మరి ఈ సీసాలు, ప్యాకెట్లు ఇన్నెందుకు? కారణం దాహమే. సీమలో చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగానో, ఫ్లోరైడ్‌తోనో ఉంటాయి. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, వేసవిలో ఇంకా ఆలస్యం. నోట్లో పోసుకోదగ్గ నీళ్లు కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంటికి ఇరవై లీటర్ల క్యాను, అది తిరిగి పోతుంది కాబట్టి పర్వాలేదు. బయటికి వస్తే సీసా. కూలి పనికి పోయేవాడికి ప్యాకెట్. బ్రాందీ షాపు ముందు ప్యాకెట్, గ్లాసు. పెళ్లిలో ఒక్కో విస్తరికీ ఒక చిన్న సీసా, రెండు గుక్కలు తాగి వదిలేసినది. నదిలో నీళ్లు లేవు గనుక ప్లాస్టిక్‌లో నీళ్లు కొంటాం, ఆ ప్లాస్టిక్‌ను తీసుకెళ్లి నీళ్లు లేని నదిలో వేస్తాం. ఈ చక్రం తిరిగినంతకాలం ఏ నిషేధమూ నిలవదు. అందుకే మంచినీటి కుళాయి గురించి అడిగేవాళ్లూ, నదిలో ప్లాస్టిక్ గురించి అడిగేవాళ్లూ కలిసి అడగాలంటాను. మున్సిపాలిటీ బస్టాండులో, సంతలో, ఆసుపత్రి ముందు నమ్మదగిన నీళ్లిస్తే ఆ మేరకు సీసాలు తగ్గుతాయి.

మన దగ్గర ఒక మంచి ఆచారం ఉంది, చలివేంద్రం. ఉగాది దాటగానే వీధి మొగదలలో తాటాకు పందిరి వేసి, తడి ఇసుకలో కుండలు పెట్టి, దారిన పోయేవాళ్లకు నీళ్లు పోయడం సీమలో తరతరాలుగా ఉన్న పుణ్యకార్యం. ఎవరి కులమని అడగక, ఎవరి ఊరని అడగక దాహం తీర్చే చోటు. ఇప్పుడు చాలా చలివేంద్రాల్లో కుండ ఉంటోంది గాని, పక్కనే ప్లాస్టిక్ గ్లాసుల దొంతర ఉంటోంది. కొన్నిచోట్ల ఏకంగా నీళ్ల ప్యాకెట్లే పంచుతున్నారు. పందిరి చుట్టూ సాయంత్రానికి తెల్లగా పరుచుకున్న ఆ ప్యాకెట్లు రాత్రి గాలికి కాలువలోకి, కాలువనుంచి వంకలోకి పోతాయి. ప్లాస్టిక్ గ్లాసు నిషేధించిన వస్తువు. నీళ్ల ప్యాకెట్ ఆ జాబితాలో లేదు, ఉండాలని నా అభిప్రాయం. చలివేంద్రం పెట్టే దాతలకు చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. పది స్టీలు గ్లాసులు, గొలుసు, పొడుగు కాడ గంటె, కడగడానికి ఒక మనిషికి కూలి. ఆ ఖర్చు మీరు పెట్టే ఫ్లెక్సీకంటే ఎక్కువ కాదు. ఎంగిలి అని జంకేవాళ్లకు దోసిట్లో పోయండి, మన పెద్దలు తాగింది అలాగే.

నదుల్లో తేలే చెత్తను పట్టడానికి లోకంలో మంచి యంత్రాలున్నాయి. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో ఒక ఏరు సముద్రంలో కలిసేచోట 2014 నుంచి ఒక నీటిచక్రం తిరుగుతోంది. ప్రవాహం దాన్ని తిప్పుతుంది, అది చెత్తను ఎత్తి తొట్టిలో పోస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని తెచ్చి హంద్రీలో పెడితే తిప్పడానికి నీళ్లుండవు. నీళ్లు వచ్చినరోజు ఆ వరద దాన్ని కూడా మోసుకుపోతుంది. మనకు కావలసింది పారలు, గంపలు, ట్రాక్టర్లు, కూలీలు. ఇంకా ముఖ్యంగా కావలసింది తారీఖు.

ఆ తారీఖును మన రైతుల లెక్కలోనే చెబుతాను. జూన్ మొదటి వారం చివరికి రోహిణి కార్తె పోయి మృగశిర వస్తుంది. హంద్రీ, వీధి కాలువలు, కేసీ కెనాల్‌లో ఊరి మధ్య భాగం, వీటిని రోహిణి వెళ్లేలోగా ఖాళీ చేయాలి. కడపకు మాత్రం ఒక్క గడువు చాలదు. కడపను ముంచే వానలు చాలాసార్లు ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో వస్తాయి. నివర్ వచ్చింది నవంబరులో, మరుసటేడాది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది నవంబరు 19న. కాబట్టి బుగ్గవంకకు సెప్టెంబరు ఆఖరులో, చిత్త కార్తె రాకముందు రెండోసారి మనుషుల్ని దించాలి. అప్పుడు చూడాల్సింది వంక నడుమ కాదు, గోడ కింది తూములు, కల్వర్టుల నోళ్లు. ఏ వార్డులో ఏ తూము ఉందో నగరపాలక సంస్థ దగ్గర పటం ఉండాలి. దాన్ని వార్డు సచివాలయం గోడ మీద అంటించి, ఏ తూము ఎప్పుడు శుభ్రం చేశారో పక్కన రాసి పెడితే జనమే కాపలా కాస్తారు. గుర్రపుడెక్క తీసినప్పుడు దాంతోపాటే ప్లాస్టిక్‌ను విడిగా ఎత్తాలి. వియత్నాంలో సైగాన్ నది మీద చేసిన పరిశీలనల్లో తేలే ప్లాస్టిక్‌లో పెద్ద వాటా ఈ డెక్క తెప్పల్లోనే చిక్కుకుని ఉందని తేలింది. మన దగ్గర డెక్కను లాగి గట్టున పడేసి పోతారు. మొదటి వానకు అందులోని కవర్లు మళ్లీ నీళ్లలోకి జారుతాయి.

ఎత్తిన ధరలేని ప్లాస్టిక్‌ను ఏం చేయాలి? కాల్చకూడదు. నది ఒడ్డున పొగబెట్టి కాల్చడం ఇప్పుడు జరుగుతున్నదే, అది ఊపిరితిత్తులకు విషం. ఎర్రగుంట్ల చుట్టుపక్కలా, నంద్యాల జిల్లాలోనూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వాటి కొలిముల్లో 1400 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది, బొగ్గుకు తోడుగా ఇలాంటి ప్లాస్టిక్‌ను మండించడానికి నియమాలు ఒప్పుకుంటాయి. పీవీసీ లాంటివి వేరు చేసి, తడి లేకుండా ఆరబెట్టి పంపాలి. తడి లేకపోవడం అంటే మళ్లీ వేసవి పనే. తారు రోడ్లలో కలిపే పద్ధతి కూడా ఉంది. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యులు వాసుదేవన్ గారు ఆ పద్ధతికి రూపమిచ్చి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ దారులన్నీ సీసాకు, బకెట్‌కు కాదు, ఏరేవాళ్లు వదిలేసిన కవరుకే. ఆ కవరుకు కిలోకు ఇంత అని నగరపాలక సంస్థ ధర కట్టి, గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే ఆ తల్లుల చేతిలో పెడితే, మే నెలలో హంద్రీ అడుగు ఎవరూ చెప్పకుండానే ఖాళీ అవుతుంది.

చివరగా పని చేసేవాళ్ల గురించి. నదిలో దిగి చెత్త తీసే పారిశుద్ధ్య కార్మికులు పగిలిన సీసాల మీద, వాడిపారేసిన సూదుల మీద ఒట్టి కాళ్లతో నడుస్తున్నారు. వాళ్లకు బూట్లు, చేతి తొడుగులు, ధనుర్వాతం టీకా, ఎండ వేళ నీడపట్టు ఇవ్వాల్సింది శుభ్రత పని మొదలు కాకముందు. ఈ ఏడాది మీ వార్డులో నదీ శుభ్రత కార్యక్రమం అంటూ పిలుపొస్తే, ఫోటోకు నిలబడకముందు ఈ నాలుగూ ఉన్నాయా అని అడగండి. లేకపోతే అవి వచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వకండి. వచ్చాక రోహిణి కార్తె లోపల మాత్రం పని ఆగనివ్వకండి.